‘చేతకాదు’ వేరు, ‘తగను’ వేరు: ఒక మేస్త్రి పిలుపు

మా క్రైస్తవ సంఘంలో నెల మొదటి ఆదివారం బల్ల ఉంటుంది, అంటే యేసు మరణాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆరాధన. రొట్టె మీది తెల్లగుడ్డ తీసే ముందు ఒక పాట పాడతాం. ఆ పాట ఎత్తుకోగానే ఒకాయన వెనక వరసలోంచి లేచి, చెప్పులు వేసుకుని, బయట బండ్ల దగ్గరికి వెళ్లి నిలబడేవాడు. నాలుగేళ్లు చూశాను. బండ్లకి కాపలా ఉంటున్నాడనుకున్నాను. ఒకసారి అందరి ముందూ మెచ్చుకున్నాను కూడా.

సంఘ కాపరిగా (పాస్టర్‌గా) పాతికేళ్లలో నేను ఎక్కువ తప్పులు చేసిన కేసు ఇదే. పరిచర్యలో ఉన్న తోటివాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను. ఊరు, పేర్లు చెప్పడం లేదు, కొన్ని వివరాలు మార్చాను. రాసినదంతా ఆయనకూ, ఆయన భార్యకూ చదివి వినిపించాను. ఆమె ఒక పేరా తీసేయమంది. తీసేశాను.

నేపథ్యం

కోస్తాలో ఒక చిన్న పట్టణం. ఆయనకు నలభై దాటాయి. తాపీ పని, చేతి కింద పదిమంది కూలీలు. అందరూ మేస్త్రి అంటారు, నేనూ అలాగే అంటాను. చదువు నాలుగో తరగతి. పెళ్లికి ముందు నుంచే తాగుడు. కొన్నేళ్లు హైదరాబాద్‌లో సైట్ల మీద ఉన్నాడు. లివర్ దెబ్బతిని ఆసుపత్రిలో పడ్డాక ఊరికి తిరిగొచ్చి మానేశాడు. ఈ సంగతులు జరిగేనాటికి మానేసి ఏడేళ్లు, బాప్తిస్మం తీసుకుని అయిదేళ్లు. భార్య విశ్వాసుల ఇంటి ఆడపడుచు. ఆయన తాగి పడిపోయిన రోజుల్లో కూడా ఇద్దరు పిల్లల్నీ సండే స్కూల్‌కి తీసుకొచ్చేది.

సంఘంలో ఆయన గొంతు వినపడేది కాదు. పని మాత్రం కనపడేది. వర్షానికి ప్రహరీ కూలితే మర్నాటికల్లా ఇటుక పేర్చేసి ఉంటుంది. ఎవరు చేశారని అడిగితే తల దించుకునేవాడు.

మా ఊరి చివర ఒక కాలనీ ఉంది. శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి కట్టుబడి పనులకు వచ్చిన కుటుంబాలు ఉంటాయి. అక్కడ బుధవారం రాత్రి గృహకూటం, అంటే ఇంట్లో కలిసి చేసుకునే ప్రార్థన, పెట్టాలనుకున్నాం. ఆ జనం మాట వినేది మేస్త్రి దగ్గరే. కూటం బాధ్యత ఆయనకిచ్చి, సంఘ పెద్దల్లోకి కూడా తీసుకుందామని కమిటీలో అనుకున్నాం. రెండూ ఒకే మూటగా కట్టి ఇవ్వడం నా మొదటి తప్పు. అది తెలియడానికి చాలా కాలం పట్టింది.

ఆయన అన్నది ఒకటే మాట. “నేను తగను అయ్యగారూ.” మూడుసార్లు అడిగాను, మూడుసార్లూ అదే.

ముందు చేసినవి

కాపరులందరూ చేసేదే నేనూ చేశాను. బైబిల్ తెరిచి, వెనకాడినవాళ్లను వరసగా చూపించాను. మోషే అయిదు సాకులు చెప్పాడు, నోటి మాంద్యం గలవాడినన్నాడు. యిర్మీయా బాలుడినన్నాడు. గిద్యోను తన కుటుంబం ఎన్నిక లేనిదన్నాడు. అయినా దేవుడు వాళ్లనే వాడుకున్నాడు కదా అన్నాను. మేస్త్రి ఓపికగా విన్నాడు. చివర్లో అన్నాడు:

“వాళ్లు చేతకాదన్నారు అయ్యగారూ. నేను చేతకాదనలేదు. తగనన్నాను.”

ఆ రోజు ఈ మాటను వినయం కింద జమకట్టేశాను. ఇంటికొచ్చి మా ఆవిడతో కూడా గొప్పగా చెప్పాను, ఎంత తగ్గింపు గల మనిషో అని.

తర్వాత ఉపవాస ప్రార్థన పెట్టాం. పెద్దల్లో ఒకరు ఇది పిరికితనపు ఆత్మ అన్నారు. చేతులుంచి ప్రార్థించాం. ఆయన కన్నీళ్లు పెట్టుకున్నాడు. వచ్చే మొదటి ఆదివారం మళ్లీ బండ్ల దగ్గరే ఉన్నాడు.

మూడోది నేను ఇప్పటికీ సిగ్గుపడే సంగతి. మా ఊళ్లో మూడు రాత్రుల కూటాలు జరుగుతున్నాయి. బయటి నుంచి ప్రసంగీకులు వచ్చారు. మేస్త్రిని సాక్ష్యం, అంటే దేవుడు తన బతుకును ఎలా మార్చాడో, చెప్పమన్నాను. నోరు విప్పి చెప్పేస్తే లోపలి బరువు దిగుతుందని నా లెక్క. అది సగం నిజం. వచ్చిన అతిథి ముందు మా సంఘంలో మారిన మనిషిని చూపించుకోవాలన్న ఆశ మిగతా సగం. మైకు ముందు ఆయన తాగుడు గురించి చెప్పాడు. మురిక్కాలవలో పడడం, భార్య గాజులు అమ్మడం, పిల్ల పలక పగలగొట్టడం. జనం “స్తోత్రం, స్తోత్రం” అంటుంటే ఇంకొంచెం చెప్పాడు. ఆడవాళ్ల వైపు ఆయన భార్య కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లేచి వెళ్లిపోయింది. రెండు ఆదివారాలు గుడికి రాలేదు. మా ఆవిడ వెళ్లి మాట్లాడితే ఆమె అంది: “ఆయన మారింది దేవుడికి తెలుసు, నాకు తెలుసు. నా గాజుల సంగతి ఊరందరికీ దేనికమ్మగారూ?”

దానికి నా దగ్గర జవాబు లేదు. సాక్ష్యంలో భార్యాపిల్లల కథ కూడా ఉంటుంది, అది చెప్పే హక్కు వాళ్లను అడక్కుండా మనకు రాదు. ఇంకో సంగతి తర్వాత తెలిసింది. ఆయన ఆ రాత్రి చెప్పింది అసలు విషయమే కాదు. తాగుడు కథ అందరూ వినడానికి ఇష్టపడే కథ. దాని వెనక ఇంకొకటి దాక్కుంది.

బండ్ల దగ్గర

ఆ తర్వాతి మొదటి ఆదివారం బల్ల కార్యక్రమం వేరొక కాపరికి అప్పగించి, నేనూ బయటికి వెళ్లాను. ఏమీ అడగకుండా పక్కన నిలబడ్డాను. లోపల పాట అయిపోయింది. కాసేపటికి ఆయనే అన్నాడు: “మీరే చెప్పారు కదండీ, అయోగ్యంగా తీసుకుంటే జబ్బులు వస్తాయని. నాకు ఆల్రెడీ లివర్ పోయింది.”

ఆయన బాప్తిస్మం అయిన కొన్ని నెలలకు మొదటి కొరింథీ 11వ అధ్యాయం మీద నేను చేసిన ప్రసంగం అది. అయోగ్యంగా తిని తాగినవాళ్లలో అనేకులు రోగులయ్యారని, కొందరు నిద్రించారని, అంటే చనిపోయారని, గట్టిగా చెప్పాను. ఆ రోజు నుంచి ఆయన బల్ల దగ్గరికి రాలేదు. నా ప్రసంగం నిజంగా విన్న మనిషి ఆయనొక్కడేనేమో.

ఆ వచనంలో పౌలు ‘అయోగ్యుడు’ అనలేదు, ‘అయోగ్యముగా’ అన్నాడు. తినేవాడి గురించి కాదు, తినే తీరు గురించి. కొరింథులో కలిగినవాళ్లు ముందే వచ్చి కడుపు నిండా తిని తాగేవాళ్లు, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోయేవాళ్లు. పౌలు మందలించింది దాన్ని. ఆ తర్వాతి వచనం కూడా తన్ను తాను పరీక్షించుకుని తినమంటుంది, పరీక్షించుకుని బయటికి పొమ్మనదు. మన తెలుగు సంఘాల్లో ఈ రెండు మాటలకూ తేడా చెప్పక ఎంతమందిని బల్లకు దూరం చేశామో. పాపం ఒప్పుకోవడానికి వచ్చే చోటికి పాపం ఉందని రాకపోతే మనిషి ఇంకెక్కడికి వెళ్తాడు?

అప్పుడే ఇంకో పని కూడా చేశాను, అది ముందే చేయాల్సింది. నిద్ర పడుతోందా, అన్నం సహిస్తోందా, మళ్లీ తాగాలనిపిస్తోందా, చచ్చిపోవాలనిపించిందా అని నేరుగా అడిగాను. నేను పనికిరానివాడినన్న భావం, అతిగా నేరం మోయడం డిప్రెషన్ లక్షణాల్లో ఉన్నాయి. దాన్ని వాక్యంతో సరిచేయబోతే ఒక్కోసారి ప్రాణం మీదకు వస్తుంది. అలాంటివాళ్లను డాక్టర్ దగ్గరికి పంపాలి. వెంటనే మాట్లాడించడానికి ప్రభుత్వ టెలి మానస్ నంబర్ 14416 ఉంది. మేస్త్రికి నిద్ర, తిండి బాగానే ఉన్నాయి. పనిలో నవ్వుతూనే ఉంటాడు. బల్ల దగ్గర, పెద్దరికం దగ్గర మాత్రమే ఆగిపోతున్నాడు. అంటే ఇది మనసంతా కమ్మిన మబ్బు కాదు. ఎక్కడో ఒక్క చోట ముల్లు ఉంది.

అందుకే ఇంకో ప్రశ్న వేశాను. “దేనికి తగవు మేస్త్రీ? ఎవరి విషయంలో?”

చాలాసేపటికి అన్నాడు: “ముప్పై ఏడు వేల ఎనిమిది వందలు.”

హైదరాబాద్‌లో ఉన్నప్పుడు, అప్పటికి పన్నెండేళ్ల కిందట, కాంట్రాక్టర్ దగ్గర కూలీల డబ్బు తీసుకుని రాత్రికి రాత్రి సైటు వదిలి వచ్చేశాడు. ఆరుగురు కూలీలు, పద్దెనిమిది రోజులు, రోజుకు 350. ఎవరూ లెక్క అడగలేదు, కాగితం లేదు. ఆయనకు నోటికి ఉంది. అందరిలా “మనమందరం పాపులమే” అనే మనిషి ఇలా రూపాయలతో సహా చెప్పడు.

మోషేకు పెట్టిన మందు

ఆ రాత్రి బైబిల్ ముందేసుకుని ‘చేతకాదు’, ‘తగను’ అన్న ఆయన మాట పట్టుకుని వెతికాను. ఇన్నేళ్లు ప్రసంగాలు చేస్తూ నేను చూడని తేడా అక్కడ ఉంది. మోషే, యిర్మీయా, గిద్యోను చేతకాదన్నవాళ్లు. ముగ్గురికీ దేవుడిచ్చిన జవాబు ఒకటే, నేను నీకు తోడుగా ఉంటాను. యెషయా ప్రవక్త అలా అనలేదు. తన పెదవులు అపవిత్రమైనవన్నాడు. ఆయనకు “తోడుంటాను” అన్న జవాబు రాలేదు, బలిపీఠం మీది నిప్పు వచ్చి పెదవులకు తగిలింది. తప్పు ఎక్కడ ఉందన్నాడో సరిగ్గా అక్కడే. పేతురు సంగతీ అంతే. చలిమంట దగ్గర మూడుసార్లు యేసును ఎరగనన్నాడు. సముద్రపు ఒడ్డున ఇంకో నిప్పుల దగ్గర “నన్ను ప్రేమిస్తున్నావా” అన్న ప్రశ్న మూడుసార్లే వచ్చింది. “పోనీలే, అందరూ పొరపాట్లు చేస్తారు” అని ప్రభువు దాటవేయలేదు.

నేను యెషయాకు మోషే మందు పెట్టాను. ఆయన మింగలేదంటే తప్పు ఆయనది కాదు.

లెక్క తేల్చడం

ఇక్కడ నాకు నిజంగా టెన్షన్ పట్టుకుంది. ముందు డబ్బు కట్టి రా, తర్వాత బల్ల, తర్వాత పరిచర్య అంటే కృపకు రేటు కట్టినట్టే. డబ్బు సంగతి మర్చిపో, క్రీస్తు రక్తం నీ పాపం కడిగేసింది అంటే, ఆ ఆరుగురు కూలీల సొమ్ముతో నేను ఉదారంగా ఉన్నట్టు. క్షమించే హక్కు నాకెవరిచ్చారు?

వాక్యంలోనూ రెండు దారులు కనపడ్డాయి. అర్పణ బలిపీఠం దగ్గరే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమని కొండమీది ప్రసంగం. జనాన్ని దోచిన పన్ను వసూలుదారు జక్కయ్య దగ్గరేమో ప్రభువు ముందే ఇంటికి వెళ్లాడు, నాలుగంతలు తిరిగి ఇస్తాననే మాట తర్వాత వచ్చింది. నేను రెంటినీ ఇలా కలిపాను: బల్ల ఇప్పుడే. అప్పు తీర్చడం ఇప్పుడే మొదలు. పెద్దరికం సంగతి తర్వాత. తప్పు ఒప్పుకుని తీర్చే దారిలో ఉన్న మనిషి సమాధానపడడానికి బయలుదేరినట్టే అని నా ఆలోచన. మరో కాపరి మొత్తం తీరేదాకా ఆపుతాడేమో. నేను ఆపలేదు.

ముందు భార్యకు చెప్పమన్నాను. ఆమె రెండు రోజులు మాట్లాడలేదట. మూడో రోజు ఎంతవుతుందని అడిగిందట. ఇంటి డబ్బు ఆమెది కూడా, ఆమె ఒప్పుకోకుండా ఈ పని మొదలుపెడితే ఇంకొకరికి బాకీ పడినట్టే.

కమిటీలో ఒకరికి మాత్రం, మేస్త్రి అనుమతితో, సంగతి చెప్పాను. ఆయన మంచి మనసుతో సంఘం ఫండ్‌లోంచి కట్టేద్దామన్నారు. వద్దన్నాను. కానుకల డబ్బుతో తీరిస్తే కూలీల బాకీ తీరుతుంది, మేస్త్రి మాత్రం తలెత్తలేడు.

రేటు ఆయనే తేల్చాడు. “అప్పటి కూలి అప్పటి రేటుకిస్తే నాకు లాభమే కదండీ. ఇప్పుడు హెల్పర్‌కి ఏడొందలు.” ఒక్కొక్కరికి 12,600, మొత్తం 75,600. నేను జక్కయ్య పేరు ఎత్తలేదు, ఎత్తాల్సిన అవసరం రాలేదు. పద్నాలుగు నెలలు పట్టింది.

తాగుడు మానినవాళ్లు కలుసుకునే ఆల్కహాలిక్స్ అనానిమస్ గుంపుల్లో పన్నెండు మెట్లుంటాయి. ఎనిమిది, తొమ్మిది మెట్లు ఇవే: నష్టపెట్టినవాళ్ల జాబితా రాయడం, వాళ్లకు ఇంకా హాని జరగనంత వరకు నేరుగా సరిచేయడం. ఆ షరతు నాకు బాగా పనికొచ్చింది. దాన్నిబట్టి మేస్త్రికి మూడు మాటలు చెప్పాను. బైబిల్ పట్టుకుని వెళ్లొద్దు. గుడికి రమ్మని పిలవొద్దు. క్షమించమని అడిగి జవాబు కోసం నిలబడొద్దు. డబ్బిచ్చి, మీది నేను తిన్నాను అని చెప్పి, వాళ్లు ఏమన్నా విని వచ్చేయ్. డబ్బుతో పాటు సువార్త తీసుకెళ్తే, అవతలివాడు తన సొంత కూలి తీసుకోవడానికి మన మాట వినాల్సి వస్తుంది. అది అన్యాయం. తోడుగా నేను వెళ్లలేదు, కాపరిని చూస్తే వాళ్లు తిట్టాలనుకున్నా తిట్టలేరు. ఆయన దగ్గర పనిచేసే కుర్రాడొకడు వెళ్లాడు.

పాత కూలీల ఫోన్ నంబర్లు ఒకరి నుంచి ఒకరికి అడిగి నలుగురు దొరికారు. ఒకాయన డబ్బు లెక్కపెట్టుకుని లోపలికి వెళ్లి తలుపేసుకున్నాడు. ఒకాయన మేస్త్రిని వీధిలో నిలబెట్టి అరగంట తిట్టాడు. ఒకాయన టీ తెప్పించాడు. నాలుగో ఆయన అంతా విని “ఇప్పుడెందుకు?” అన్నాడు. కూలి అందని ఆ ఏడాది కూతురి ఫీజు కట్టలేక చదువు మాన్పించాడట. మేస్త్రి ఆ రోజు ఊరికొచ్చాక నా దగ్గరికి వచ్చి, ఏమీ మాట్లాడకుండా గుడి మెట్ల మీద కూర్చున్నాడు. నేనూ మాట్లాడలేదు. ఓదార్చకుండా ఉండడం నాకు అదే మొదటిసారి అనుకుంటాను. అయిదో ఆయన చనిపోయాడు, భార్యకు ఇచ్చాడు.

పదవి వేరు, పని వేరు

డబ్బు తీరుస్తున్న నెలల్లోనే ఆయనకో చిన్న పని ఇచ్చాను. ఆదివారం సాయంత్రం ప్రభుత్వాసుపత్రి జనరల్ వార్డులో, ఎవరూ లేని రోగులకు వేడినీళ్లు, బన్ను. మైకు లేదు, పేరు లేదు. ప్రార్థన అడిగితేనే చేయాలి. తాగి లివర్ చెడిన కుర్రాళ్ల మంచాల దగ్గర ఆయన ఎక్కువసేపు కూర్చునేవాడు. కొన్నాళ్లకు కాలనీ నుంచి ఒక తల్లి మా ఇంటికి వచ్చింది. కొడుకు తాగి గొడవ చేస్తున్నాడు, ప్రార్థన చేయించాలి. నేను లేచి చొక్కా వేసుకోబోయాను. ఆమె మొహమాటపడుతూ, “మీరు కాదండీ, ఆ మేస్త్రి గార్ని పంపండి” అంది.

కాలనీ కూటం ఆ గుమ్మంలోనే మొదలైందని చెప్పాలి. అందరం కలిసి తీర్మానం చేసింది కాదు.

కమిటీలో రిటైరైన మాస్టారొకరు అభ్యంతరం చెప్పారు. వేలు పెట్టి కూడబలుక్కునేవాడు వాక్యం ఏం చెబుతాడని. ఇది మేస్త్రికి కూడా లోపల ఉన్న సిగ్గే. కానీ ఇది తప్పు కాదు, ఎవరికీ బాకీ లేదు. డబ్బు సంగతికి ఒప్పుకోలు కావాలి, దీనికి అక్షరాలు కావాలి. రెంటినీ ఒకే ‘తగను’లో కలిపి మోస్తున్నాడు. ఆయన కూతురు రోజూ రాత్రి పెద్ద అక్షరాల బైబిల్‌తో మార్కు సువార్త చదివించింది. పని మీద ఉన్నప్పుడు ఫోన్‌లో ఆడియో బైబిల్ వినేవాడు. మాస్టారికి నేను మన చరిత్రే గుర్తుచేశాను. తోళ్ల వ్యాపారం చేసుకునే యెర్రగుంట్ల పేరయ్య 1866లో బాప్తిస్మం తీసుకుని తన వాళ్లున్న పల్లెలు తిరిగి చెప్పాడు. పన్నెండేళ్లకు, 1878 జులై 3న, ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. పేరయ్య లాంటివాళ్లు లేకుండా ఆ రోజు లేదు. మాస్టారు ఒప్పుకోలేదు కానీ, కూటానికి చాప మాత్రం కొనిచ్చారు.

పెద్దరికం సంగతి మళ్లీ ఎత్తలేదు. పెద్దకు పౌలు తిమోతికి రాసిన అర్హతలున్నాయి. బయటివాళ్ల దగ్గర మంచి సాక్ష్యం కూడా అందులో ఒకటి. ఆ విషయంలో మేస్త్రి ‘తగను’ అన్నది అక్షరాలా నిజం, కమిటీ కంటే ముందు ఆయనే గుర్తుపట్టాడు. శిష్యుడిగా బతకమనే పిలుపుకు మాత్రం అలాంటి జాబితా లేదు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయిన దోర్నకల్ అజరయ్య గారు, కొత్తగా వచ్చిన విశ్వాసుల చేత తమ చేతిని తమ తల మీదే పెట్టించి, “నేను బాప్తిస్మం పొందాను, సువార్త చెప్పకపోతే నాకు శ్రమ” అని పలికించేవారు. వాళ్లలో చాలామంది పాలేర్లు, కూలీలు. తగుదువా అని ఎవరూ అడగలేదు. నేను ఈ రెండు పిలుపుల్నీ ఒకే కవర్‌లో పెట్టి ఇచ్చాను. ఆయన నిజాయితీగా ఒకదాన్ని కాదంటే రెండోది కూడా పోయేది.

నేను మార్చుకున్నవి

ఎవరైనా తగనంటే ఇప్పుడు వచనం తీయను. దేనికి, ఎవరి విషయంలో అని అడుగుతాను. జవాబులో పేరో, సంఖ్యో, తేదీయో ఉంటే అక్కడ తీర్చాల్సింది ఉంది. ఏమీ లేకుండా “అన్నిట్లోనూ” అంటే నిద్ర, తిండి గురించి అడుగుతాను. చదువు, కులం, ఇంగ్లీషు రాకపోవడం లాంటివి వస్తే, ఆ సిగ్గు వాళ్లకు మనమే నేర్పామేమో చూసుకోవాలి. చాలాసార్లు మూడూ కలిసే ఉంటాయి, విడదీయడానికి నెలలు పడుతుంది. సాక్ష్యం కోసం ఎవరినీ మైకు ముందుకు తోయడం మానేశాను. మొదటి కొరింథీ 11 మీద మళ్లీ ప్రసంగం చేశాను. పాత ప్రసంగంలో నేను తప్పు చెప్పానని కూడా చెప్పాను. ఆ నెల బల్ల దగ్గరికి ఇంకో ఇద్దరు వచ్చారు, వాళ్లు ఇన్నాళ్లూ రావడం లేదని నాకు తెలియనే తెలియదు.

ఇప్పుడు

కాలనీ కూటం మూడో ఏడాదిలో ఉంది. ఒక్కో వారం పాతికమంది, వాన పడితే నలుగురు. మేస్త్రి ఇంకా వేలు పెట్టే చదువుతాడు. ఒకసారి జీతం రోజు రాత్రి తాగాలనిపించి నాకు ఫోన్ చేశాడు, తెల్లవారేదాకా మాట్లాడుకున్నాం. పెద్దల్లో లేడు. మొన్న కమిటీ మళ్లీ అడిగితే, “ఆరో మనిషి దొరకనివ్వండి” అన్నాడు.

ఆ ఆరో మనిషి ఒడిశా వైపు కుర్రాడు. ఇంటిపేరు కూడా తెలియదు, ఎడమ చేతి చిటికెన వేలు లేదన్న ఒక్క గుర్తే ఉంది. ఆయన 12,600 పోస్టాఫీసులో విడిగా వేసి ఉన్నాయి. కొత్త సైటుకి వెళ్లిన ప్రతిసారీ మేస్త్రి ముందు కూలీల చేతులు చూస్తాడు.